ఎందుకు వెళుతున్నావు, నాయనా?

పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాణ్ణి "ఏం చదివావు బాబూ?" అని అడిగేవారు మనలో కోకొల్లలు. "ఎందుకు చదివావు?" అని అడిగేవారు మాత్రం అరుదు. చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, ఇక ఎందుకన్న ప్రశ్న ఎవరికి కావాలి? కాని ఆ అరుదైన ప్రశ్నే అడిగి, జవాబు కాగితం మీద రాసి పంపితేగాని గుమ్మం తొక్కనివ్వని విద్యాలయాలు కొన్ని వున్నాయి. అవి విదేశాల్లో వ్యాపార నిర్వహణ నేర్పే విద్యాలయాలు.

అక్కడ ఎం. బి. ఏ. చదవాలనుకునేవారు ఒక వ్యాసం రాయాలి. ఈ చదువు ఎందుకు? ఇప్పుడే ఎందుకు? మా దగ్గరే ఎందుకు? దాదాపు అందరూ అడిగే ప్రశ్నలు ఈ మూడే. స్టాన్‌ఫర్డ్ వారు ఇంకా లోతుకు దిగి, నీకు అన్నిటికన్న ముఖ్యమైనది ఏమిటి, అది ఎందుకు ముఖ్యం అని ఎన్నో ఏళ్లుగా అడుగుతూ వస్తున్నారు. ఈ చదువులకు ప్రవేశపరీక్ష అయిన జీమాట్ 1954 నుంచీ వుంది. అందులో లెక్కలన్నీ అవలీలగా చేసిన కుర్రవాడు కూడా ఈ వ్యాసం దగ్గరకు వచ్చేసరికి తెల్లకాగితం ముందు పెట్టుకుని తెల్లమొహం వేస్తాడు. మార్కులు తెచ్చుకోవటం మన పిల్లలకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మనసులో మాట చెప్పటమే అలవాటు లేదు.

ఈ చదువు పుట్టిన వైనం

కొట్టు చిన్నదైనంతకాలం యజమాని కంటిచూపుతోనే వ్యాపారం నడిచిపోయింది. రైలుమార్గాలు, ఉక్కు కర్మాగారాలు పెరిగి, వేలమంది పనివాళ్లు, వందల మైళ్ల దూరాలు వచ్చిపడ్డాక ఒక మనిషి చూపు చాలలేదు. లోహాల వ్యాపారంలో ధనం గడించిన జోసెఫ్ వార్టన్ అనే ఆయన విరాళంతో 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వ్యాపార కళాశాల వెలిసింది. 1900లో డార్ట్‌మత్‌లో టక్ విద్యాలయం వచ్చింది. 1908లో హార్వర్డ్ వారు ఎం. బి. ఏ. అన్న పట్టాకు శ్రీకారం చుట్టారు.

హార్వర్డ్ పద్ధతి వినటానికి వింతగా వుంటుంది. అక్కడ ఉపాధ్యాయుడు ఉపన్యాసం దంచడు. ఒక కంపెనీకి నిజంగా వచ్చిన చిక్కును కథలాగా రాసి విద్యార్థుల చేతికిస్తారు. "ఆ కుర్చీలో నువ్వుంటే ఏం చేస్తావు?" అని అడుగుతారు. తరగతిలో ఇంజనీరు ఒకటంటాడు, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు ఇంకొకటంటాడు, బాంకు ఉద్యోగి ఇద్దరినీ కాదంటాడు. ఆ వాదనలోనే చదువంతా వుంది. ఉద్యోగానుభవం లేనివాడికి అక్కడ మాట్లాడటానికి సరుకుండదు. అందుకనే చాలా విద్యాలయాలు నాలుగైదేళ్లు పనిచేసి వచ్చినవారిని కోరుకుంటాయి.

ఫ్రాన్సులో ఇన్సియాడ్ 1957లో ప్రారంభమయింది. అదే సంవత్సరం మన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఎం. బి. ఏ. తరగతులు పెట్టిందన్న సంగతి మనవాళ్లకే చాలామందికి తెలియదు! 1961లో కలకత్తాలో, అహమ్మదాబాదులో జాతీయ సంస్థలు వెలిశాయి. 2001లో హైదరాబాదు గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తరగతులు మొదలయ్యాయి. ఇంట్లో ఇన్ని వుండగా సముద్రాలు దాటటం దేనికి అని ఏ పెద్దమనిషైనా అడిగితే ఆయన్ని ఛాందసుడని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు.

ముగ్గురు హైదరాబాదు విద్యార్థులు

హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివిన ముగ్గురి సంగతి చూడండి. సత్య నాదెళ్ల షికాగో విశ్వవిద్యాలయంలో 1997లో ఎం. బి. ఏ. పూర్తిచేసి, 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యాడు. శంతను నారాయణ్ బర్క్‌లీలో అదే పట్టా పుచ్చుకుని, 2007లో అడోబ్ అధిపతి అయ్యాడు. మూడోవాడు అజయ్ బంగా. ఆయన ఏ విదేశానికీ వెళ్లకుండా అహమ్మదాబాదులోనే ఈ విద్య నేర్చాడు. అయినా మాస్టర్‌కార్డ్ కంపెనీని నడిపి, 2023లో ప్రపంచ బాంకు అధ్యక్షపదవి అందుకున్నాడు. కనక పైకి రావటానికి విదేశీ పట్టా ఒక దారేగాని ఏకైక దారి కాదు.

నాదెళ్ల కథలో గమనించవలసిన సంగతి మరొకటి వుంది. ఆయన ఉద్యోగం మానుకుని చదవలేదు. వారమంతా పనిచేసి, శని ఆదివారాలకు విమానంలో షికాగో వెళ్లి చదివి వచ్చేవాడు. ఎందుకు చదువుతున్నాడో తెలిసినవాడికే అంత ఓపిక వుంటుంది.

పైకి చెప్పే జవాబు, లోపలి జవాబు

మన యువకులు చెప్పే కారణాలను వడగడితే నాలుగు తేలతాయి. జీతం పెరగాలి. చేస్తున్న పని విసుగెత్తింది, వేరే రంగంలోకి దూకాలి. ఆ దేశంలో స్థిరపడాలి. ఇక నాలుగోది ఎవరూ పైకి చెప్పరు. పక్కింటి సుబ్బారావుగారబ్బాయి వెళ్లాడు!

మొదటి మూడింటిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే ఒక్కొక్కదానికీ లెక్క చూసుకోవాలి. హార్వర్డ్, వార్టన్ వంటి చోట్ల ఫీజు, బస, తిండి కలిపి ఏడాదికి లక్ష డాలర్లు దాటుతుంది. చదువు రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఇక్కడి జీతం పోతుంది. అప్పు ఎనభై లక్షలు, వడ్డీ నూటికి పది అనుకోండి. ఏడాదికి ఒక్క వడ్డీయే ఎనిమిది లక్షలు. నెలకు అరవైఆరువేల పైచిలుకు. అసలు అలాగే వుంటుంది. హామీగా పెట్టింది నాన్నగారు రిటైరయినప్పుడు కట్టించిన ఇల్లు.

స్థిరపడటమన్నది విద్యాలయంవారి చేతిలో లేదు. అమెరికాలో హెచ్‌-1బి అనుమతులకు చట్టం పెట్టిన హద్దు ఏటా 65,000. అక్కడ పై డిగ్రీ చదివినవారికి మరో 20,000. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు బయటి నుంచి వచ్చే కొత్త హెచ్‌-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. చేరిననాటి నిబంధనలు పట్టా పుచ్చుకునేనాటికి వుంటాయన్న భరోసా లేదు. అక్కడ ఉద్యోగం దొరక్కపోయినా ఈ చదువు నాకు అక్కరకొస్తుందా? ఈ ప్రశ్నకు అవునని చెప్పగలిగినవాడే ధైర్యంగా అప్పు చెయ్యవచ్చు.

రెండు వ్యాసాలు

ఉదాహరణకు గుంటూరులో మిరపకాయల వ్యాపారి కొడుకు ఒకడున్నాడనుకుందాం. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. వ్యాసం ఇలా మొదలుపెట్టాడు: "నేను ప్రపంచస్థాయి నాయకుణ్ణి కావాలనుకుంటున్నాను. మీ విద్యాలయం నా ప్రతిభకు మెరుగులు దిద్దగలదు." ఇందులో తప్పు లేదు, అతడూ లేడు. ఈ వాక్యాల కింద ఎవరి సంతకమైనా అతుకుతుంది. వేల దరఖాస్తులు చదివే కమిటీవారికి ఈ మాటలు కంఠతా వచ్చేవుంటాయి.

అదే కుర్రవాడు రెండోసారి ఇలా రాశాడనుకోండి: "పంట యార్డుకు రాగానే ధర పడిపోతుంది. కోల్డ్ స్టోరేజీలో దాచుకుంటే అద్దె, వడ్డీ మీదపడతాయి. మా నాన్న నలభై ఏళ్లుగా ఈ జూదం ఆడుతున్నాడు. పురుగుమందు అవశేషాలు ఎక్కువున్నాయని విదేశాల్లో సరుకు తిప్పికొడితే నష్టం కిందికి జారి రైతు నెత్తిన పడుతుంది. సరుకు జాడ కనిపెట్టే ప్రోగ్రాము నేను రాయగలను. కాని ధర ఒడుదుడుకులను కాచుకోవటం, విదేశీ కొనుగోలుదారుతో ఒప్పందం కుదుర్చుకోవటం నాకు తెలియదు. అవి నేర్చుకోవటానికి వస్తున్నాను."

ఎందుకన్నదానికి జవాబు వచ్చింది. తండ్రి పని చెయ్యగలిగి వుండగానే నేర్చుకుని రావాలి గనక ఇప్పుడే ఎందుకన్నదీ తేలింది. తన సరుకు కొనే దేశాలవారు పక్క బెంచీలో కూర్చునే చోటు కావాలి గనక అక్కడే ఎందుకన్నదీ తేలింది. ఇటువంటి వ్యాసాన్ని డబ్బిచ్చి రాయించుకోవటం కుదరదు. రాయించుకున్నా, తరవాత ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే గుట్టు బయటపడుతుంది.

ఇంట్లో జరిగే ఇంటర్వ్యూ

అసలు కష్టమైన ఇంటర్వ్యూ ఇంట్లోనే వుంది. "ఏరా, అప్పు ఎన్నాళ్లకు తీరుతుంది?" అంటాడు తండ్రి. "మళ్లీ వస్తావుగదరా?" అంటుంది తల్లి. ఆడపిల్లకయితే మూడో ప్రశ్న కూడా వుంటుంది: "మరి పెళ్లెప్పుడే?" ఆమె ఎందుకు చదవాలో అడగరు, ఎప్పుడు ఆపుతుందో అడుగుతారు! కమిటీ ముందు మూడు ప్రశ్నలకూ దీటుగా జవాబు చెప్పగల అమ్మాయికి ఇంట్లో ఈ ఒక్క ప్రశ్న అడ్డుగోడ కాకూడదు.

చాలామంది పిల్లలు కమిటీకి ఒక కారణం, తల్లిదండ్రులకు ఇంకొకటి చెప్పి, నిజమైన కారణం తమకే తెలియకుండా విమానం ఎక్కుతారు. పరాయి దేశంలో డిసెంబరు చలిలో, చేతికి ఉద్యోగం రాని రోజుల్లో, మనిషిని నిలబెట్టేది ఆ మూడో కారణమే. అది లేనివాడికి అప్పు ఒక్కటే మిగులుతుంది.

దరఖాస్తు రాసే యువతీయువకులకు ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఇంగ్లీషులో రాసిన ఆ వ్యాసాన్ని తెలుగులో మీ నాయనమ్మకు చదివి వినిపించండి. ఆవిడ మధ్యలో ఆపి, "అంటే ఏమిట్రా?" అని అడిగిన చోటల్లా గీత పెట్టండి. ఆ గీతలు పడిన వాక్యాలు మీవి కావు. చివరిదాకా విని, "సరే, వెళ్లిరా నాయనా" అని ఆవిడ అన్ననాడు ఆ వ్యాసాన్ని నిశ్చింతగా పంపించండి.