పండ్లు పంచి వస్తే చాలదు

యెరూషలేములోని ఆదిమ సంఘంలో ఒకసారి సణుగుడు మొదలైంది. రోజూ జరిగే వడ్డనలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్నది ఫిర్యాదు. అపొస్తలులు ‘సర్దుకోండి’ అనలేదు. మంచి పేరు, ఆత్మ, జ్ఞానం ఉన్న ఏడుగురిని ఎన్నుకోమని, ఆ బాధ్యత వారికి అప్పగించారు (అపొ.కా. 6:1–6). దిక్కులేనివారికి అన్నం సరిగా అందుతోందా అని చూడటం కూడా ఆత్మసంబంధమైన పనే అన్నమాట!

మా కారంపూడిలో ఇది కొత్త మాట కాదు. కులభేదం లేకుండా అందరినీ కలిపి కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడును ఇక్కడ ఏటా వీరుల ఉత్సవాల్లో తలచుకుంటారు.

మరి మేమేం చేశాం? ఏటా క్రిస్మస్‌కు ఒక వృద్ధాశ్రమానికి వెళ్లి, పండ్లు పంచి, ప్రార్థన చేసి, ఫొటో దిగి వచ్చేవాళ్లం. ఒకసారి మంచానపడ్డ అవ్వకు దుప్పటి కప్పబోతే వీపంతా పుండ్లే! రెండు గంటలకోసారి పక్కకు తిప్పే మనిషి లేదు. రాత్రివేళ ఎవరుంటారని మేము ఏ ఏడూ అడగలేదు. ఆ దోషంలో మాకూ పాలుంది.

నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి చోటుండే ఆశ్రమాలు రాష్ట్రాలు నెలకొల్పవచ్చని, వైద్యానికి, సేవలకు ప్రమాణాలు నిర్ణయించవచ్చని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చెబుతోంది. చట్టం ‘చేయవచ్చు’ అంటోంది. ప్రేమ ‘చేయాలి’ అంటుంది.

ఈసారి పండ్లతోపాటు నాలుగు ప్రశ్నలూ తీసుకెళదాం. రాత్రి ఎవరుంటారు? డాక్టరు ఎప్పుడొస్తారు? మందులు ఎవరు వేస్తారు? బాధ చెప్పుకుంటే ఎవరు వింటారు? సిలువ వేదనలో కూడా తల్లిని శిష్యుడికి అప్పగించిన ప్రభువుకు ఇష్టమైన పరామర్శ అదే.