బీటా వాడేవాళ్లలో మనమూ ఉండాలి

మా తుంగతుర్తి దిక్కు కొత్త రకం విత్తనం వస్తే, తెలివైన రైతు ఉన్న ఐదెకరాలూ దాంతోనే నింపడు. ఓ మూలకు రెండు గుంటల్లో వేసి, తెగులుకు ఆగుతుందా, గింజ నిండుతుందా అని చూస్తాడు. లినక్స్‌లో విడుదలకు ముందు వచ్చే ప్యాకేజీలది కూడా ఈ రెండు గుంటల లెక్కే. "బీటా వేస్తే లాప్‌టాప్ పోతది" అని భయపడేవాళ్లూ, "లేటెస్ట్ లేకపోతే ఎట్లరా" అని ఉరికేవాళ్లూ మన క్లాసులోనే ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే నాలుగు మాటలు చెప్తా.

ప్యాకేజీ ఎట్లా పండుతది?

డెబియన్ సంగతి తీసుకుందాం. ఉబుంటు, మింట్ దాని మీద నిలబడ్డవే. కొత్త ప్యాకేజీ ముందు 'అన్‌స్టేబుల్' లోకి వస్తుంది. దాని ముద్దుపేరు సిడ్. 'టాయ్ స్టోరీ' సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడి పేరది. అక్కడ మామూలుగా రెండు నుంచి పది రోజులుండి, పెద్ద బగ్గులేవీ బయటపడకపోతే 'టెస్టింగ్' లోకి వెళ్తుంది. సుమారు రెండేళ్లకోసారి కొత్తవి రాకుండా ఆపి, ఉన్న బగ్గులు సరిచేసి, టెస్టింగ్‌నే 'స్టేబుల్' పేరుతో విడుదల చేస్తారు. 2023 జూన్‌లో బుక్‌వార్మ్, 2025 ఆగస్టులో ట్రిక్సీ అట్లా వచ్చినవే.

ఫెడోరాలో ఇదే పని చేసే వ్యవస్థకు 'బోధి' అని పేరు. కొత్త అప్‌డేట్‌ను వాడి చూసి, బాగుంటే ప్లస్ వన్, చెడితే మైనస్ వన్ ఇవ్వాలి. ఆ మార్కుల పేరేమిటో తెలుసా? 'కర్మ'. ఎవరి కర్మ వాళ్లదే అంటారు గానీ, ఇక్కడ మన కర్మ అందరికీ అక్కరకొస్తుంది.

డెబియన్, ఉబుంటు వెర్షన్ నంబర్లలో '~' గుర్తు కనిపిస్తే గమనించండి. '1.0~ఆర్‌సి1' అంటే 1.0 కన్నా చిన్నది అని ప్యాకేజీ మేనేజర్ లెక్క. అందుకే అసలు 1.0 రాగానే మామూలు అప్‌డేట్‌లోనే రిలీజ్ క్యాండిడేట్ పోయి పూర్తి వెర్షన్ వచ్చేస్తుంది.

అర సెకను విలువ

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన డెబియన్ సిడ్ మెషిన్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లు అర సెకను ఆలస్యమవుతున్నాయి, ప్రాసెసర్‌ను ఎక్కువ తింటున్నాయి. "అర సెకనే కదా" అని వదిలేయలేదు. తవ్వుతూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్‌లలో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. ఆ పని చేసింది రెండేళ్లకు పైగా ప్రాజెక్టులో నమ్మకం సంపాదించుకున్న మెయింటెయినర్ ఖాతా. మార్చి 29న ఫ్రాయిండ్ సంగతి బయటపెట్టాడు. అప్పటికి ఆ వెర్షన్‌లు డెబియన్ సిడ్, టెస్టింగ్, ఫెడోరా రాహైడ్ లాంటి చోట్లకే చేరాయి. స్టేబుల్‌కు చేరలేదు. ఉబుంటు 24.04 బీటాను వారం వెనక్కి జరిపి, ప్యాకేజీలను మళ్లీ బిల్డ్ చేశారు.

ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. ముందు వాడేవాడే ముందు దెబ్బ తినే ప్రమాదం ఉంది. కానీ అట్లా ముందు వాడిన ఒక్కడి వల్లే ప్రపంచంలోని సర్వర్లు బతికాయి.

తెలుగుకు దీంతో ఏం పని?

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. జ, ఞ వత్తు, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని ఒక కోడ్, దీర్ఘం కలిసిన వరస అది. విడుదలైన ఐఓఎస్‌లో ఆ బగ్ ఉంది, అప్పటికే బీటాగా నడుస్తున్న 11.3లో లేదు. ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి సరిచేశారు. విడుదలకు ముందు ఆ వరసను ఎవరైనా టైప్ చేసి చూసి ఉంటే అంత రచ్చ ఉండేదే కాదు.

లినక్స్ డెస్క్‌టాప్‌లో వత్తులు, గుణింతాలు కూర్చే పని ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, గ్నోమ్ అన్నీ దాన్నే వాడతాయి. అందులో ఏదైనా తేడా వస్తే ఇంగ్లిష్ వాడేవాడి కంటికి కనిపించదు. 'స్వాతంత్ర్యం' లో వత్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కాయా లేదా అన్నది తెలుగు చదివేవాడికే తెలుస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ విద్యార్థులతో కలిసి తెలుగు లినక్స్ తెచ్చింది. ఆ పునాది మీద పరీక్షించే పని మనబోటి వాళ్లది.

పైలంగా ఎట్లా వాడాలి?

ఒకటి: స్టేబుల్ సిస్టమ్‌లో సిడ్ లైన్ కలపకండి. ఒక్క ప్యాకేజీ కోసం పోతే అది కొత్త సీ లైబ్రరీ అడుగుతుంది, దాని వెంట సగం సిస్టమ్ మారుతుంది. డెబియన్ వాళ్లు దీన్ని 'ఫ్రాంకెన్‌డెబియన్' అని వెక్కిరిస్తారు. కొత్త వెర్షన్ మాత్రమే కావాలంటే బ్యాక్‌పోర్ట్స్ చూడండి.

రెండు: ర్యామ్ ఉంటే వర్చువల్ మెషిన్, లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్ చాలు. ఒక్క యాప్ చూడాలంటే ఫ్లాట్‌ప్యాక్ బీటా మేలు. దాని లైబ్రరీలు అది వేరుగా తెచ్చుకుంటుంది.

మూడు: అప్‌డేట్ ముందు తీసేసే ప్యాకేజీల జాబితా చదవండి. అందులో డెస్క్‌టాప్ పేరు కనిపిస్తే 'వై' నొక్కకుండా రెండు రోజులు ఆగండి. 'ఆప్ట్-లిస్ట్‌బగ్స్' పెట్టుకుంటే తీవ్రమైన బగ్గులు ముందే చెప్తుంది.

నాలుగు: టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ను వెనక్కి తెస్తుంది గానీ, మామూలు సెట్టింగ్‌లో మీ సొంత ఫైళ్లను దాచదు. ప్రాజెక్టు కాపీ వేరే చోట ఉండాల్సిందే. ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ వారంలో అయితే ఏ అప్‌డేటూ వద్దు.

ఐదు: సిడ్‌లో రోజూ అప్‌డేట్‌లే. ఇంటికాడ మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపితే రోజు డేటా పొద్దున్నే ఖతం. నేను తుంగతుర్తి పోయినప్పుడు ఆ మెషిన్ జోలికే పోను, కాలేజీ వైఫై దగ్గరే చేస్తా.

వాడి ఊరుకుంటే సగం పనే అయినట్టు. బీటా తెరిచి 'జ్ఞానం', 'స్త్రీ', 'రాష్ట్రం', 'ఈర్ష్య', 'ఉత్ప్రేక్ష' టైప్ చేయండి. వత్తు తెగిందా, బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత చెరుగుతుంది, లైన్ చివర పదం సరిగ్గా విరిగిందా చూడండి. తేడా ఉంటే బగ్ రాయండి. పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు: ఏ వెర్షన్, ఏం టైప్ చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఒక స్క్రీన్‌షాట్. మన క్లబ్‌లో పద్యాలకు యతిప్రాసలు పట్టుకునే కళ్లున్నాయి. ఊడిపోయిన వత్తును అవి వదిలిపెడతాయా?