‘బాల నేరస్థుడు’ అనే మాట వెనుక

మన కథల్లో, సినిమాల్లో ‘బాల నేరస్థుడు’ పాత్ర కొత్తది కాదు. తండ్రి తాగుబోతు, తల్లి లేదు, కుర్రవాడు జేబులు కొట్టడం నేర్చాడు. చివర ఒక మంచి మాస్టారు వచ్చి వాణ్ణి మారుస్తాడు. ఇందులో జాలి ఉంది, విశ్లేషణ లేదు. నేరం పిల్లవాడి గుణమూ, బాగుపడటం పెద్దమనిషి దయా అయిపోతాయి. ఈ చూపు ఎందుకు చాలదో నేనుంటున్న నర్సీపట్నం ప్రాంతాన్ని ఆధారం చేసుకొని వివరిస్తాను.

నర్సీపట్నం మన్యానికి గుమ్మం. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు కొండల నుంచి దిగే దారులు ఇటు వచ్చి, తుని వైపూ అనకాపల్లి వైపూ జాతీయ రహదారిలో కలుస్తాయి. ఈ దారుల్లోనే దశాబ్దాలుగా గంజాయి దిగుతోంది. 2021 చివర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. ఆ తరువాత కూడా ఒడిశా సరుకు ఈ దారుల్లో పట్టుబడుతూనే ఉంది.

ఈ వ్యాపారంలో పెట్టుబడి పెట్టినవాడు కొండ ఎక్కడు. మూట మోసేది కూలివాడు. ఆ కూలీలలో చదువు మానేసిన కుర్రవాళ్ళూ ఉన్నారు. వాళ్ళనే ఎందుకు ఎంచుకుంటారు? కూలి తక్కువ, బస్సులో అనుమానమూ తక్కువ. దొరికిపోయినా పైవాడి పేరు వాడికి తెలియదు.

ఇక చట్టం సంగతి. 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మగపిల్లలకు పదహారేళ్ళ దాకానే రక్షణ ఇచ్చింది. 2000 నాటి చట్టం దాన్ని పద్ధెనిమిదికి పెంచింది. 2015 నాటి చట్టం ‘ఘోర నేరాల’ విషయంలో పదహారు దాటినవాణ్ణి పెద్దవాడిలా విచారించటానికి మళ్ళీ తలుపు తెరిచింది. కనీస శిక్ష ఏడేళ్ళు, అంతకు మించి ఉన్న నేరమే ఘోర నేరమని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గంజాయి 20 కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్ళు. అంతకు తక్కువైతే కనీస శిక్ష లేదు. అంటే పదిహేడేళ్ళ కుర్రవాడి సంచిలో 19 కిలోలుంటే వాడు చట్టం దృష్టిలో పిల్లవాడే. 21 కిలోలుంటే వాణ్ణి పెద్దవాడిగా విచారించవచ్చు. వాడి వయసూ, పేదరికమూ, ఎక్కిన బస్సూ మారలేదు. మారింది సంచి బరువు. ఆ బరువును నిర్ణయించినవాడు వేరే ఉన్నాడు.

ఆ వేరేవాడి కోసం ఇదే చట్టంలో 78వ సెక్షన్ ఉంది. మత్తు పదార్థాలు మోయటానికి పిల్లల్ని వాడుకున్నవాడికి ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష వేయవచ్చు. మత్తుమందుల చట్టం కింద వాడిమీద వేరే కేసూ పెట్టవచ్చు. అయితే ముందు వాడు దొరకాలి. పిల్లవాడు పట్టుబడటంతోనే దర్యాప్తు ముగిసిపోతే ఆ సెక్షన్ కాగితం మీదే ఉంటుంది.

వయసు రుజువు మరో చిక్కు. ముందు బడి సర్టిఫికెట్టు చూడాలి, అది లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ జనన పత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో రెండేళ్ళు అటూ ఇటూ తేడా రావచ్చని న్యాయస్థానాలే అంగీకరించాయి. పదహారు, పద్ధెనిమిది మధ్య ఉన్నది ఆ రెండేళ్ళే. బడి ముఖం చూడని, పుట్టుక నమోదు కాని కొండబిడ్డకు ఈ రెండేళ్ళే జీవితం.

ఇందులో రచయితల పని ఏమిటి? 2015 నాటి చట్టం పిల్లల విషయంలో నిందార్థక పదాలు వాడరాదనే సూత్రాన్ని చేర్చింది. 1990 నాటి ఐక్యరాజ్యసమితి రియాద్ మార్గదర్శకాలు ‘నేరస్థుడ’నే ముద్రే కుర్రవాణ్ణి నేరం వైపు నెట్టగలదని హెచ్చరించాయి. భాష గురించి శాసనకర్తలకున్న ఈ ఎరుక మన కథకులకు లేకపోతే ఎలా?

మరొక సంగతి. పిల్లవాణ్ణి బోర్డు ముందు హాజరుపరిచిన పదిహేను రోజుల్లో ప్రొబేషన్ అధికారి సామాజిక నివేదిక ఇవ్వాలి. ఇల్లు, బడి, కూలి, స్నేహాలు, ఈ పనిలోకి దించిందెవరు, ఇవన్నీ అందులో రావాలి. పదహారు దాటినవాడి విషయంలో ఏ పరిస్థితుల్లో నేరం జరిగిందో బోర్డు చూసి తీరాలి. ఆ నివేదిక ఖాళీలు పూరించిన ఫారమైతే బోర్డుకు కనిపించేది సంచి ఒక్కటే. నిజంగా రాస్తే సంచి వెనుక ఉన్న మనుషులంతా కనిపిస్తారు. ఒక బతుకును దాని కారణాలతో సహా చెప్పటం సాహిత్యం నేర్పే విద్య కాదా?

విశాఖలో వకీలుగా ఉన్న రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ చట్టం పేదవాణ్ణెలా పట్టుకుంటుందో, పెద్దవాణ్ణెలా వదిలేస్తుందో చూపించాడు. నాడు సారా, నేడు గంజాయి. మోసేవాడి వయసు తగ్గింది.

నివారణ అంటే ఉపన్యాసం కాదు. పదో తరగతి తరువాత కొండబిడ్డకు చదువో పనో దొరకాలి, పుట్టిన ప్రతి బిడ్డకూ జనన పత్రం ఉండాలి, దర్యాప్తు సంచి యజమాని దాకా వెళ్ళాలి. ‘వీడెందుకు చెడిపోయాడు’ అన్న ప్రశ్నతో మన కథలు మొదలైనంత కాలం ఆ యజమానికి భయం లేదు. ‘ఈ సంచి ఎవరిది’ అని మొదలుపెడదాం.