డబ్బా వెనక్కి తిప్పి చూడండి

అమెరికాలో ఏ పెద్ద స్టోర్‌కు వెళ్లినా టైలెనాల్ పక్కనే, ఇంచుమించు అదే రంగు డబ్బాలో ఆ స్టోర్ సొంత బ్రాండ్ మాత్రలు కనిపిస్తాయి. ధర తక్కువ. పంచదార, పేపర్ టవల్స్ దగ్గర స్టోర్ బ్రాండ్‌కు సరేననే మనవాళ్లు మందుల దగ్గర మాత్రం ‘చవకది ఎందుకులే’ అంటారు. కాఫీ పొడి విషయంలో అలా అంటే నేనూ వాదించను. మందుల్లో మాత్రం ఆ అదనపు డాలర్లు చాలావరకు పేరుకీ, ప్రకటనలకీ పోతాయి.

డబ్బా వెనక ‘యాక్టివ్ ఇంగ్రీడియంట్’ చదవండి. రెండింటిలోనూ ఎసిటమినోఫెన్ 500 మిల్లీగ్రాములే. అలర్జీకి వాడే జిర్‌టెక్‌లోని సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములే కాస్ట్‌కో వారి అలర్‌టెక్‌లోనూ ఉంటుంది. ఒక్క ప్యాక్‌లో 365 మాత్రలు, అంటే ఏడాదికి సరిపడా.

ఈ చదివే అలవాటు డబ్బుకన్నా పెద్ద విషయంలో ఆదుకుంటుంది. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల సంచిలో డోలో 650 ఉంటుంది. అందులోని పారాసిటమాల్‌నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. జలుబుకు ఇచ్చే డేక్విల్, నైక్విల్‌లలో చాలా రకాల్లోనూ అదే. పొద్దున డోలో వేసుకున్న నాన్నగారికి మధ్యాహ్నం టైలెనాల్, రాత్రి నైక్విల్ ఇస్తే మూడుసార్లూ ఒకే మందు ఇచ్చినట్టు. పెద్దవాళ్లకు 24 గంటల్లో అన్నీ కలిపి 4,000 మిల్లీగ్రాములు దాటితే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చని డబ్బా మీదే రాసి ఉంటుంది. లివర్ జబ్బున్నవారు ముందే డాక్టర్‌ను అడగాలి.

వాళ్లు దిగిన రోజే రెండు దేశాల మందులూ టేబుల్ మీద పరిచి, ఇవి ఉన్న ప్రతి డబ్బా మీదా మార్కర్‌తో ‘పారాసిటమాల్’ అని తెలుగులో రాసేయండి. మా ఇంట్లో అలాగే చేస్తాం.