అమెరికా ఫుట్‌బాల్: కాలేజీ ఆట, కంపెనీ ఆట

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా అమెరికా చదువులకు పంపిస్తామనే బోర్డులే. కోచింగు, వీసా, బ్యాంకు లోను అన్నీ చెబుతారు గానీ, అక్కడ శనివారం నాడు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. నా మిత్రుడొకడు వెళ్ళిన కొద్ది వారాలకే ఫోను చేసి, "ఏందిరా ఇది, కాలేజీ పిల్లల ఆటకు లక్షమంది వచ్చిన్రు!" అన్నాడు. అతిశయోక్తి కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. ప్రొఫెషనల్ జట్లు ఆడే స్టేడియాలలో లక్ష సీట్లున్నది ఒక్కటీ లేదు.

ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తడం, విసరడం. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగిన పోటీని మొదటిదిగా లెక్కిస్తారు. (ఆ రోజు ఆడింది నిజానికి మన ఫుట్‌బాల్‌కే దగ్గర!) నేటి ఎన్.ఎఫ్.ఎల్. అనే ప్రొఫెషనల్ లీగు 1920లో గానీ పుట్టలేదు. అందుకే ఈనాటికీ శనివారం కాలేజీలది, ఆదివారం కంపెనీలది.

నియమాలలో తేడాలు చిన్నవే గానీ ఆట రూపాన్నే మారుస్తాయి. గీత దగ్గర బంతి పట్టినవాడి ఒక్క కాలు లోపల ఆనితే కాలేజీలో చాలు, ఎన్.ఎఫ్.ఎల్.లో రెండు కాళ్ళూ ఆనాలి. బంతి పట్టుకున్నవాడు తనంతట తానే జారి మోకాలు నేలకు ఆనించినా కాలేజీలో ఆ ప్రయత్నం అక్కడితో సరి. ప్రొఫెషనల్ ఆటలోనైతే ప్రత్యర్థి తాకలేదు గనుక లేచి పరుగెత్తవచ్చు. స్కోరు సమమైతే కాలేజీ జట్లకు 25 గజాల గీత నుంచి చెరొక వంతు ఇస్తారు, మన క్రికెట్టు సూపర్ ఓవరు మాదిరి. గెలుపోటములు తేలేదాకా వదలరు. ఎన్.ఎఫ్.ఎల్. లీగు పోటీలలో మాత్రం పది నిమిషాలు అదనంగా ఆడి, అప్పటికీ తేలకపోతే సమానమని ఇంటికి పోతారు. నాకు కాలేజీ పద్ధతే ఇష్టం.

అసలు తేడా ఇంకొకటుంది. ఎన్.ఎఫ్.ఎల్.లోని 32 జట్లకూ ఆటగాళ్ళను తయారుచేసి ఇచ్చేది కాలేజీలే. హైస్కూలు దాటి మూడేళ్ళు గడిస్తే గానీ ఎవరినీ తీసుకోరు. ఏటా డ్రాఫ్టు పెట్టి, కిందటేడు అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక ఇస్తారు. మన హైదరాబాదులో ఇటువంటి ఏర్పాటు ఎన్నడూ లేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు (ఇది కాలి ఫుట్‌బాల్) ఆటగాళ్ళు పోలీసు ఉద్యోగులు. వారి కోచ్ ఎస్.ఎ. రహీం గారు బడిపంతులుగా పనిచేసినవారు. అమెరికా ఆటకు కూడా 'హైదరాబాద్ స్కైకింగ్స్' పేరుతో జట్టు వచ్చింది. ఆ లీగు మొదటి సీజను 2012లో. కానీ దాని కింద ఆ ఆట ఆడే కాలేజీలేవీ? పునాది లేకుండా రెండో అంతస్తు కట్టినట్టయింది.

ఇక డబ్బు సంగతి. లక్షమందిని రప్పించిన కుర్రాడికి దశాబ్దాల తరబడి స్కాలర్‌షిప్పే గానీ జీతం లేదు. కోచ్‌లకు మాత్రం కోట్లు. ఇది అన్యాయమని నేనంటాను. 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనలు చేసుకుని సంపాదించుకోవచ్చునన్నారు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించడం మొదలైంది. మొదటి ఏడాదికి ఒక్కో విద్యాసంస్థ అన్ని ఆటలకూ కలిపి ఇవ్వగల పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. డ్రాఫ్టులో మాత్రం ఏటా సుమారు 250 మందికే చోటు. కాలేజీలో ఆడేవాళ్ళలో నూటికి ఇద్దరు కూడా పైకి పోరు. తక్కినవాళ్ళు డిగ్రీ చేత పట్టుకుని, మనవాళ్ళతో పాటే అదే ఊళ్ళో ఉద్యోగం వెతుక్కుంటారు.