నుదుటి కన్నూ... నోటి రుచీ!

తెర మీద శివుడు నుదుటి కన్ను తెరిచాడంటే హాల్లో ఈలలే ఈలలు! 1962లో 'దక్షయజ్ఞం'లో శివుడిగా రామారావుగారిని చూసి చేతులు జోడించిన తరం ఒకటి. 2001లో 'శ్రీ మంజునాథ'లో చిరంజీవిని చూసి కాగితాలు ఎగరేసిన తరం మరొకటి. ఎవరి శివుడు వారికి గొప్ప! ఆ కన్ను తెరిస్తే ఏమవుతుందో మన్మథుణ్ణి అడగండి, చెబుతాడు.

అలాంటి కన్నొకటి మనకూ ఉందనీ, దాని పేరు ఆజ్ఞాచక్రమనీ, ఊదారంగు తిండి తిని నాలుగు ఆసనాలు వేస్తే అది తెరుచుకుంటుందనీ ఈమధ్య కుర్రకారులో ఒకటే ప్రచారం. మొన్న సెకండ్ షో వదిలాక టీకొట్టు దగ్గర మా వీధి కుర్రాడొకడు నన్ను పట్టుకున్నాడు.

"అన్నా, వంకాయా, నేరేడుపండ్లూ, నల్లద్రాక్షా తింటే థర్డ్ ఐ ఓపెనవుతుందటగా? నెల్రోజుల్నించి తింటున్నా. కనుబొమల మధ్య ఒకటే నొప్పి. తెరుచుకుంటున్నట్టేనా?"

నవ్వొచ్చింది. అంతలోనే ఆగిపోయింది కూడా. పదేళ్ల కిందట అచ్చం ఇదే ప్రశ్న నేను మరొకరిని అడిగాను మరి!

అప్పుడు డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. మా అక్క దగ్గర డబ్బు అప్పు తీసుకుని ఒకాయన పెట్టిన క్లాసులో చేరాను. రోజూ రాత్రి గంటసేపు దీపం వంక రెప్ప వెయ్యకుండా చూడాలి. నుదురు నొప్పంటే, "చక్రం మేలుకుంటోంది నాయనా, ఆపకు!" అన్నారాయన. ఎనిమిది నెలలు ఆపలేదు. చివరికి ఒకరోజు సినిమాలో టైటిల్సు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంటే, పక్కనున్న స్నేహితుడు కంటి డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయాడు. మేలుకున్నది చక్రం కాదు, సైటు! కళ్లు చికిలించి చికిలించి తెచ్చుకున్న నొప్పి అది. అక్క అప్పు తీరడానికి మరో ఏడాది పట్టింది.

అయితే ఆజ్ఞాచక్రమంతా బూటకమా? ఆ మాట నేననను. పదహారో శతాబ్దంలో బెంగాల్‌లో పూర్ణానందుడు రాసిన 'షట్చక్ర నిరూపణం'లో ఈ చక్రం వర్ణన ఉంది. కనుబొమల మధ్య రెండు దళాల పద్మం. దళాల మీద హ, క్ష అక్షరాలు. మరి రంగో? చంద్రుడిలా తెలుపు! ఊదా కాదు, వంకాయ అసలే కాదు. చక్రాలకు ఇంద్రధనుస్సు రంగుల వరస పాశ్చాత్య దేశాల్లో ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన ముచ్చట. అంచేత నేరేడుపండ్లు శుభ్రంగా తినండి, మంచివే. కన్ను కోసం మాత్రం కాదు.

తిండి గురించి పాత గ్రంథాలేమీ చెప్పలేదా అంటే చెప్పాయి. 'హఠయోగ ప్రదీపిక' మాట ఒక్కటే: మితాహారం. పొట్టలో నాలుగో వంతు ఖాళీగా ఉంచమంది. బియ్యం, గోధుమలు, పెసలు, పాలు, నెయ్యి, తేనె, శొంఠి సరేనంది. వద్దన్నవాటి జాబితా చూశాను... గుండె గుభేలుమంది. పులుపు, కారం, ఉప్పు, ఆవాలు, నువ్వులు, నూనె! అంటే ఏమన్నమాట? మన ఆవకాయ జాడీని ఎదురుగా పెట్టుకుని రాసినట్టు లేదూ? పూర్తిగా మానమని నేను చెప్పను, నేనే మానలేదు. రాత్రి భోజనంలో తగ్గించి, పెసరకట్టూ అన్నంతో సరిపెట్టుకుంటే పొట్ట తేలిగ్గా ఉండి కూర్చోబుద్ధవుతుంది. అంతవరకు అనుభవం మీద చెప్పగలను.

ఇక సాధన. సుఖాసనంలో నడుం నిటారుగా కూర్చోండి. ఒక ముక్కుతో పీల్చి, రెండో ముక్కుతో వదిలే నాడీశోధన ఐదు నిమిషాలు. ఆ తర్వాత తుమ్మెదలా ఝుంకారం చేసే భ్రామరి ఏడెనిమిది సార్లు. మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి నుదురు నేలకానించే బాలాసనం మరీ హాయి. త్రాటకం చెయ్యాలనిపిస్తే దీపాన్ని చెయ్యి చాచినంత దూరంలో, కంటి ఎత్తులో పెట్టుకోండి. నీళ్లు తిరగ్గానే కళ్లు మూసెయ్యండి. గంటలు గంటలు కాదు సుమండీ! మూర్ఛలు వచ్చేవాళ్లూ, కంటిజబ్బు ఉన్నవాళ్లూ ఆ జోలికి పోవద్దు. నొప్పి వస్తే అది సిద్ధి కాదు, నొప్పే.

1984లో రామారావుగారు తెరకెక్కించిన బ్రహ్మంగారి చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. బ్రహ్మంగారి కథల్లో కక్కయ్య అనే ఆయనొకడు. దేహంలో ఆరు చక్రాలున్నాయనీ, వాటిలో దేవతలుంటారనీ స్వామి చెబుతుంటే చాటుగా విన్నాడు. ఇంటికెళ్లి, నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు! మాంసమూ నెత్తురే తప్ప ఏమీ కనబడలేదు. స్వామి దగ్గరకొచ్చి లబోదిబోమంటే ఆయన ఆమెను బతికించాడంటారు. కండలో వెతికితే చక్రం దొరకదని ఆ కథ చెప్పి ఎన్నాళ్లయిందో! మనం వంకాయలో వెతుకుతున్నాం.

అన్నట్టు, మెదడు మధ్యలో ఉండే పీనియల్ గ్రంథినే మూడో కన్ను అనేవాళ్లూ ఉన్నారు. ఆ పోలిక సంగతెలా ఉన్నా, చీకటి పడ్డాక నిద్రకు సాయపడే మెలటోనిన్ వదలడం దాని పని. కళ్లల్లో వెలుగు కొడుతుంటే ఆ పని మందగిస్తుంది. రాత్రి రెండింటిదాకా ఫోను చూసేవాళ్లకు ఏ ఆసనం ఏం చెయ్యగలదు?

కుర్రాణ్ణి మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నాలాగే సైటు తేలుతుందని నా ధీమా. తేలలేదు. కళ్లు భేషుగ్గా ఉన్నాయి.

"రాత్రిళ్లు ఎన్ని గంటలు నిద్రపోతావు బాబూ?" అనడిగారు డాక్టరుగారు.

వాడు నా వంక చూశాడు. సెకండ్ షోకి టిక్కెట్లు తీసింది నేనే కదా... నేను గోడ మీద అక్షరాల చార్టు వంక చూశాను.