నాలుగో జ్వరం లేచాక షుగర్ మాత్ర గుర్తుంటుందా?

ఈ వారం పురుగుల ఆరోగ్యం పక్కన పెట్టి, పురుగులు మేపే మన ఆరోగ్యం గురించి మాట్లాడుకుందాం. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఫోన్‌లో అందే సాయం ఎట్లా ఉంటుంది, దాన్ని మన పంట రోజుల్లో ఎట్లా వాడుకోవాల అన్నది ఈ సారి విషయం.

పురుగు నాలుగో జ్వరం లేచిందంటే ఇంక వారం రోజులు మన టైము మన చేతిలో ఉండదు. పంట మొత్తం మీద తినే ఆకులో ఎనభై శాతానికి పైగా ఈ ఒక్క దశలోనే తినేస్తుంది. పొద్దున్నే కొమ్మ కోత, మధ్యాహ్నం మేత, మళ్ళీ కోత, రాత్రి పది దాటాక ఆఖరి మేత. ఈ మధ్యలో మనం ముద్ద ఎప్పుడు తిన్నామో, మాత్ర వేసుకున్నామో లేదో ఎవరికీ గుర్తుండదు. ఆస్పత్రికి పోవాలంటే ఒక పూట కూలీ, బస్సు ఖర్చు, పైగా ఆకు వేసేవాళ్ళు ఉండరు. "ఈ పంట అయినాక పోదాంలే" అంటాం. గూళ్ళు మార్కెట్‌కు పోయేలోపే మళ్ళీ చాకీ పురుగులు వచ్చేస్తాయి.

ఇది ఒక్క ఇంటి కత కాదు. ఐసీఎంఆర్ దేశమంతా చేసిన ఇండియాబ్ సర్వే 2023లో వెలువడింది. దాని లెక్క ప్రకారం మన దేశంలో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. జబ్బు అంచున ఉన్నవాళ్ళు ఇంకో 13 కోట్ల పైన. పల్లెల్లో కూడా పెరుగుతూనే ఉంది.

*ఫోన్ సాయం అంటే ఏంది?*

డాక్టరు చూసి మందు రాసిచ్చిన తర్వాత, రెండు వారాలకో నెలకో ఒకసారి నర్సు గానీ ఆరోగ్య కార్యకర్త గానీ ఫోన్ చేసి మాట్లాడడం. అడిగేవి పెద్ద ప్రశ్నలేం కావు. మాత్రలు తప్పాయా, ఎన్ని రోజులు తప్పాయి? షుగర్ చూపించుకున్నారా, ఎంత వచ్చింది? పూటకు తింటున్నారా? కాళ్ళకు పుండ్లు, తిమ్మిర్లు ఉన్నాయా? కళ్ళు తిరిగాయా? జవాబులో తేడా కనిపిస్తే డాక్టరుకు చెప్తారు. అవసరమైతే ఆస్పత్రికి రమ్మంటారు. ఫోన్ పెట్టేముందు మళ్ళీసారికి ఒక్క పని ఒప్పుకుంటారు. "రాత్రి మేతకు ముందే భోంచేస్తాను" లాంటిది, అంతే.

మన చాకీ కేంద్రం వాళ్ళు పురుగులిచ్చి చేతులు దులుపుకోరు కదా. "జ్వరం లేచిందా, సున్నం చల్లారా, తేమ ఎట్లా ఉంది" అని అడుగుతూనే ఉంటారు. అట్లా అడిగేవాళ్ళుంటే మనం కూడా జాగ్రత్తగా ఉంటాం. ఇదీ అంతే.

ఇది పనిచేస్తుందా అని అడిగితే, మన దక్షిణాదిలోనే ఒక రుజువు ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చక్కెర జబ్బు అంచున ఉన్న 537 మంది మగవాళ్ళను రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు తిండి, నడక గురించి ఫోన్‌కు తరచూ మెసేజీలు పంపింది. రెండో జట్టుకు మొదట్లో సలహా ఇచ్చి వదిలేసింది. రెండేళ్ళకు మెసేజీలు అందినవాళ్ళలో నూటికి 18 మందికి జబ్బు వచ్చింది, అందని వాళ్ళలో నూటికి 27 మందికి వచ్చింది. 2013లో ఈ ఫలితం అచ్చయింది. అది జబ్బు రాకుండా చూసే ప్రయత్నం. వచ్చినవాళ్ళకు మాత్రలు, పరీక్షలు కూడా తప్పవు. అయినా గుర్తు చేసేవాళ్ళుంటే మనిషి అలవాటు మారుతుందని దాన్నిబట్టి తెలుస్తుంది.

*మన షెడ్డులో దీని అవసరం ఎక్కువ*

ఒకటి, షుగర్ పడిపోవడం. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ లాంటి మాత్రలు వేసుకున్నా, ఇన్సులిన్ తీసుకున్నా, ఆ పూట తిండి మానేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండె దడ, మాట తడబాటు దాని గుర్తులు. షెడ్డులో ఉక్కకు, కొమ్మలు మోసిన పనికి ఎట్లాగూ చెమట పడుతుంది. అందుకే "పని అలుపు" అనుకొని వదిలేస్తాం. ప్రమాదం అక్కడే ఉంది. అట్లా అనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగాల. పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాల. తగ్గకపోతే ఇంకోసారి తాగి, తర్వాత అన్నమో ముద్దో తినాల. షెడ్డు గూట్లో ఒక చక్కెర పొట్లం పెట్టుకోండి.

రెండు, కాళ్ళు. చెప్పులు బయట విడిచి లోపలికి పోతాం. లోపల బ్లీచింగ్, సున్నం. తోటలో కత్తిరించిన మల్బరీ మోడులు. షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకు మోడు గుచ్చుకున్నా తెలీదు. చిన్న పుండే వేలు తీసేదాకా పోవచ్చు. షెడ్డు లోపలికి మాత్రమే వాడే రబ్బరు చెప్పులు ఒక జత పెట్టుకోండి. రోగాలు లోపలికి రాకుండా ఉంటాయి, కాళ్ళూ దక్కుతాయి. రాత్రి మేత అయినాక పాదాలు కడిగి, తుడిచి, అడుగు భాగం కూడా చూసుకోండి. వంగలేకపోతే ఇంట్లోవాళ్ళను చూడమనండి.

మూడు, ఇన్సులిన్. తెరవని సీసా ఫ్రిజ్‌లో ఉండాల, గడ్డ కట్టకూడదు. వాడుతున్న సీసా చల్లని చోట ఉంటే చాలు. షెడ్డులో గానీ, హీటర్ దగ్గర గానీ, ఎండ పడే కిటికీలో గానీ పెట్టొద్దు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండ పనికొస్తుంది.

*ఎవరికి ఫోన్ చెయ్యాల?*

ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సు, ఆశా కార్యకర్త నంబర్లు తీసుకోండి. మిమ్మల్ని చూసి ఎరిగిన మనిషి ఫోన్లో దొరికితే అంతకన్నా మేలు లేదు. తమిళనాడులో 104కు చేస్తే ఆరోగ్య సలహా ఉచితం. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవనిలో ఫోన్ నుంచే డాక్టరును చూసి మాట్లాడొచ్చు. మనకు చేత కాకపోతే ఆరోగ్య ఉపకేంద్రంలో సిబ్బందే కలిపిస్తారు.

తమిళనాడులో ఇంటికే షుగర్, బీపీ మాత్రలు తెచ్చిచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. కర్ణాటకలో ఇంటింటికీ వచ్చి పరీక్ష చేసే 'గృహ ఆరోగ్య' 2024లో కోలారు జిల్లాలో మొదలుపెట్టారు. ఇంటికొచ్చే ఆ కార్యకర్త దగ్గర ఫోన్ నంబరు అడిగి రాసుకోండి.

ఫోన్లో చూసి మందు రాసేందుకు 2020 మార్చి 25న కేంద్రం నియమాలు ఇచ్చింది. పాత జబ్బుకు అవే మందులు కొనసాగించాలంటే డాక్టరు ఫోన్ మీదే చీటీ పంపొచ్చు. ఏది కుదురుతుందో, ఎప్పుడు నేరుగా రావాలో డాక్టరే చెప్తారు.

భాష కుదరకపోతే మొహమాటపడొద్దు. కన్నడమో తమిళమో బాగా వచ్చిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంట్లో ఆడవాళ్ళకు షుగర్ ఉంటే, ఫోన్ వాళ్ళ చేతికే ఇవ్వండి. ఆకు వేసేది, చంద్రికలకు ఎక్కించేది వాళ్ళే అయినా, నంబరు మాత్రం మొగుడిదో కొడుకుదో ఇస్తాం. ఫోన్ వచ్చినప్పుడు వాళ్ళు మార్కెట్‌లో ఉంటారు. ఇంక సాయం ఎట్లా అందుతుంది?

*మాట్లాడే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి*

మాత్రల అట్టలు, ఆఖరి షుగర్ చీటీ, మూడు నెలల షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) రిపోర్టు. రోజూ చూసే షుగర్ ఒక తట్టలో పురుగును చూసినట్టు. మూడు నెలల పరీక్ష పంట మొత్తం దిగుబడి చూసినట్టు. రెండూ చెప్పండి. ముఖ్యంగా ఈ మాట చెప్పండి: "మాది పట్టుపురుగుల పని. ఫలానా తేదీ నుంచి వారం రోజులు తిండి వేళలు మారతాయి. మాత్ర ఎప్పుడు వేసుకోవాల?" ఈ ఒక్క ప్రశ్నతో డాక్టరు మీ మందు వేళను సరిచేయగలరు. మనంతట మనం మాత్ర తగ్గించడం, ఆపడం వద్దు.

*ఫోన్‌తో తీరనివి*

మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు పడుకోబెట్టి 108కి చెయ్యండి. పుండు నల్లబడినా, చీము పట్టినా, గుండెలో నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా ఫోన్ సలహాకోసం కూర్చోవద్దు. పురుగు పోతే పంట పోతుంది. ఇంకో పంట పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. "మల్బరీ ఆకు తింటే షుగర్ పోతుంది" అని చాలామంది పంపుతున్నారు. మల్బరీ ఆకులో పిండి పదార్థం అరుగుదలను నెమ్మది చేసే గుణం ఉన్నమాట నిజమే. దాన్ని నమ్మి మాత్ర మానేస్తే మాత్రం మోసపోతాం. పైగా మన తోట ఆకు మీద ఏ మందు కొట్టామో మనకే తెలుసు. "షుగర్ పూర్తిగా నయం చేస్తాం, పొడి కొనండి" అని వచ్చే ఫోన్లను కూడా నమ్మొద్దు. నిజమైన నర్సు డబ్బు అడగదు, ఓటీపీ అడగదు.

మళ్ళీ చాకీ తెచ్చే ముందు మూడు పనులు చేసుకోండి. ఆస్పత్రి నర్సు నంబరు షెడ్డు తలుపు మీద రాసిపెట్టండి. పంట నెలకు సరిపడా మాత్రలు ముందే తెచ్చుకోండి. మేత వేళలు రాసే పుస్తకంలోనే మాత్ర వేళ కూడా ఒక గడి గీసి రాయండి. పురుగుకు ఒక్క మేత తప్పనివ్వని మనకు ఆ గడి నింపడం కష్టమేం కాదు.

మీ ఊళ్ళో షుగర్ ఉన్న రైతులకు ఇది పంపండి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి.